వండినవాళ్ళదే మూకుడు

నేను బడి మానేసింది తొమ్మిదో తరగతి సగంలో. మిగతా సగం ఇంకా నాకోసం ఎదురుచూస్తూనే ఉండి ఉంటుంది. కాబట్టి ఇందులో పెద్ద పెద్ద మాటలు దొరకవు. మందుల పేర్లూ ఉండవు. అవి పలకాలంటే మా అమ్మాయి కావాలి, దానికేమో కాలేజీ ఉంది. కడుపులో లింఫోమా అని ఒక రకం క్యాన్సర్ జబ్బు వచ్చి, నా ఆకలిని ఎత్తుకుపోయి, ఏడాదిపాటు ముప్పుతిప్పలు పెట్టిన సంగతి మాత్రం చెబుతాను. మనవాళ్ళలో ఒక్కరికైనా పనికొస్తుందని రాస్తున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. నేను కాసేపు ఊరుకుంటే ఇంట్లోవాళ్ళు భయపడుతున్నారు.

ముందు మా ఇంటి చట్టం ఒకటి తెలియాలి. వేపుడు గిన్నెలోకి తీసేశాక మూకుడు అడుగున కాస్త నూనె, కారం, మాడిన ముక్కలు అంటుకుని ఉంటాయి కదా. అందులో వేడన్నం రెండు గుప్పెళ్ళు వేసి, చేత్తో మూకుడంతా తుడిచినట్టు కలుపుకుని తింటే, దాని ముందు పెళ్ళి భోజనం దిగదుడుపే. తణుకు దగ్గర మా పుట్టింట్లో పిల్లలం ఆరుగురం, మూకుడు ఒకటి. రోజూ యుద్ధమే. అమ్మ విసిగిపోయి ఒకనాడు తీర్పు చెప్పేసింది: "వండినవాళ్ళదే మూకుడు." మర్నాటి నుంచి వంట నేనే మొదలుపెట్టాను.

ఆ చట్టం నాతోపాటు టెక్సస్ వచ్చింది. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో మా ఆయన సత్యం గారికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నేను ఒక ఇండియన్ గ్రోసరీ కొట్లో కర్రీ పాయింట్ చూసుకుంటాను. నాకంటే పెద్దవాళ్ళు కూడా నన్ను మంగ ఆంటీ అనే పిలుస్తారు. నేనేమీ అనుకోను, కూర కాస్త తక్కువ వేస్తానంతే. మా అమ్మాయి కీర్తన ఇక్కడే పుట్టింది. తెలుగు సగం మింగేస్తుందిగానీ మూకుడు మాత్రం పూర్తిగా కావాలంటుంది.

"నాట్ ఫెయిర్, అమ్మా! రోజూ నువ్వే వండుతావ్."

"అయితే నువ్వు వండు."

"నాకు క్లాస్ ఉంది."

"అయితే మూకుడు లేదు."

పోయినేడాది ఎండాకాలం మొదట్లో ఒకరోజు దొండకాయ వేపుడు చేసి, మూకుడు తీసుకెళ్ళి దాని ముందు పెట్టాను. "నువ్వు తినవే" అన్నాను. ఆ పిల్ల అప్పుడే 911కి ఫోన్ చెయ్యాల్సింది. "థాంక్స్" అని తినేసింది.

నా ఆకలి అలా పోయింది, చెప్పాపెట్టకుండా. రెండు ముద్దలు తినేసరికి పది మందితో పందెం వేసి తిన్నట్టు గొంతు దాకా నిండిపోయేది. పొట్ట పైభాగంలో మంట. ఇంట్లో ఎవరూ గమనించలేదు, వాళ్ళని అనడానికీ లేదు. అందరికీ పెట్టి ఆఖర్న పొయ్యి దగ్గర నిలబడి తినేదాన్ని, ఎంత తిన్నానో గరిటెకి తప్ప ఎవరికి తెలుస్తుంది? పైగా వండేవాళ్ళకి వాసనకే కడుపు నిండుతుందని మనవాళ్ళ మాట ఒకటి ఉండనే ఉంది. నేనూ అదే అనుకున్నాను.

తెలుగువాళ్ళ ఇళ్ళలో కడుపులో ఏం జరిగినా దాని పేరు గ్యాసే. నొప్పి గ్యాసు, మంట గ్యాసు, గుండె దడ గ్యాసు, అల్లుడు ఫోన్ చెయ్యకపోయినా గ్యాసే. మా కింది అపార్ట్‌మెంట్ రమణి వదిన ఇండియా వెళ్ళొచ్చినప్పుడల్లా సూట్‌కేసులో కారప్పొడి ఒకపక్క, గ్యాస్ బిళ్ళలు ఒకపక్క సర్దుకొస్తుంది. నా సంగతి వినగానే ఒక గుప్పెడు షీట్లు తెచ్చి చేతిలో పెట్టింది.

"రోజూ పరగడుపున ఒకటి వేసుకో మంగా. మా అత్తగారు ఎన్నేళ్ళ నుంచో వేసుకుంటోంది, గుండ్రాయిలా ఉంది."

"మీ అత్తగారు గుండ్రాయిలా ఉందని బాధపడుతూ చెప్తున్నావా, సంతోషంగా చెప్తున్నావా వదినా?"

మంట తగ్గింది. ఆకలి మాత్రం రాలేదు. నేను మర్చిపోతానని బిళ్ళల షీటు మా ఆయన చొక్కా జేబులో పెట్టుకునేవారు. పొద్దున్నే కాఫీకి ముందు బిళ్ళ ఇవ్వడం ఆయన డ్యూటీ. జాకెట్లు వదులయ్యాయి. కొట్టుకొచ్చే ఆడపిల్లలు, "సన్నబడ్డారు ఆంటీ, ఏంటి సీక్రెట్?" అనేవారు. "మీకు కూరలు అమ్మడమేనమ్మా" అనేదాన్ని.

సెప్టెంబరులో కౌంటర్ దగ్గరే కళ్ళు తిరిగి పడిపోయాను. పడింది పప్పు బస్తాల మీద కాబట్టి దెబ్బ తగల్లేదు. ఆస్పత్రికి తీసుకెళ్తే ఒంట్లో రక్తం తగ్గిపోయిందన్నారు. ఇంకో డాక్టరు దగ్గరికి పంపారు, గొట్టం వేసి కడుపు లోపల చూసే ఆయన దగ్గరికి. పొడుగాటి మనిషి. కీర్తన మధ్యలో కూర్చుని ఆయన మాట నాకూ, నా మాట ఆయనకీ చేరవేసేది.

"అమ్మా, నువ్వు రోజూ ఏమైనా మెడిసిన్స్ తీసుకుంటావా అని అడుగుతున్నాడు."

"నాకు షుగరా, బీపీనా? ఏమీ లేవని చెప్పు."

గొట్టం వేశారు, ముక్కలు తీశారు. వారం తర్వాత పిలిచి, ఆ డాక్టరు ఒక కాగితం మీద గొంతు నుంచి కింది దాకా పొడుగ్గా బొమ్మ గీశాడు. ఈ లింఫోమా అన్నది అందులో ఎక్కడైనా పుట్టొచ్చట, ఒక్కొక్కరికి ఒక్కో తీరున. కొందరికి కడుపులో పుండులా. కొందరికి లోపలి గోడ మడతలు పడి మందంగా. కొందరికి చిన్నపేగు చివర గడ్డలా అడ్డం పడుతుందట. కొందరికైతే పెద్దపేగు పొడవునా సగ్గుబియ్యం చల్లినట్టు చిన్న చిన్న బుడిపెలట. నెలల్లో పరుగెత్తేవి కొన్ని, ఏళ్ళ తరబడి నడిచేవి కొన్ని. నాది కడుపులోని మడతల్లో ఉంది. నిదానంగా నడిచే రకంలా ఉంది. అయితే కింద కూడా చల్లుకుని ఉందేమో చూడాలి.

"నిదానం అంటే, మీ నాన్నలాగానా?" అన్నాను.

కీర్తన ఆ మాట డాక్టరుకి చెప్పలేదు. మా ఆయన నవ్వలేదు. ఇన్నేళ్ళలో నా జోకుకి మర్యాదకైనా నవ్వనిది అదొక్కసారే. నాకు భయం వేసింది అప్పుడే.

ఇంటికొచ్చే దారిలో హైవే మీద తండ్రీకూతుళ్ళు గొడవ పడ్డారు. ఎవరికీ చెప్పొద్దని ఆయన. తన ఫ్రెండ్స్‌కి అప్పుడే చెప్పేశానని అది.

"ఎందుకు చెప్పావ్? రేపటికి డాలస్ మొత్తం తెలుస్తుంది!"

"తెలిస్తే ఏంటి నాన్నా? షేమ్ ఆ? అమ్మకి సిక్, మనం దాచాలా?"

ఆయన కళ్ళు తుడుచుకున్నారు. కారు పక్కకి జరిగింది. వెనక ట్రక్కువాడు హారన్ కొట్టాడు.

"నాన్నా, ఏడుస్తే ఏడువు. కానీ లేన్ మారకు!" అని అరిచింది కీర్తన.

నేను వెనక సీట్లో కూర్చుని కిటికీలోంచి చూస్తున్నాను. ఎగ్జిట్ ఎగ్జిట్‌కీ తిండి బోర్డులే. ఇంతకుముందు ఆ వాసనలకి ముక్కు మూసుకునేదాన్ని, మన పోపు ముందు ఇవేం వాసనలని. ఆ రోజు అద్దం దించి పీల్చాను. ఏమీ కదల్లేదు లోపల. ఎవరో తలుపు కొడుతున్నా ఇంట్లో ఎవరూ పలకనట్టు ఉంది.

అక్టోబరు, నవంబరు స్కానులతో, కింద నుంచి వేసే గొట్టంతో గడిచిపోయాయి. దానికి ముందు రోజు తాగించే నీళ్ళ గురించి రాయను. తాగినవాళ్ళకి తెలుసు, తాగనివాళ్ళు హాయిగా ఉండండి. కింద ఎక్కడా చల్లుకుని లేదని తేలింది. కానీ ఇంకో సంగతి ఉంది. ఈ రకం లింఫోమాకి చాలాసార్లు కడుపులో కాపురముండే ఒక క్రిమి కారణమట. అది ఉంటే యాంటీబయాటిక్స్‌తో దాన్ని చంపేస్తే, చాలామందికి జబ్బు కూడా దానంతటదే వెనక్కి తగ్గుతుందట. నా కడుపులోంచి తీసిన ముక్కల్లో ఆ క్రిమి కనపడలేదు. సంచీలోకి గాలి ఊదించే పరీక్ష కూడా చేశారు. దానికి ముందు మళ్ళీ అదే ప్రశ్న, ఏమైనా మందులు వాడుతున్నారా అని. మళ్ళీ అదే జవాబు. క్రిమి లేదని వచ్చింది. ఇక కడుపుకి రేడియేషన్ ఇవ్వాలన్నారు.

మా ఆయన వంట మొదలుపెట్టింది ఆ రోజుల్లోనే. ఆయన వేపుడంటే సగం మాడు, సగం పచ్చి. మధ్యలో ఉండాల్సింది ఎక్కడా ఉండదు. చట్టం ప్రకారం మూకుడు ఆయనది. కానీ రోజూ అందులో రెండు గుప్పెళ్ళ అన్నం కలిపి నా ముందు పెట్టేవారు. నేను ఒక ముద్ద తీసుకునేదాన్ని. రెండోది చేతిలోనే ఉండిపోయేది. కాసేపు చూసి ఆయన ఆ మూకుడు అన్నంతో సహా సింకు దగ్గరికి తీసుకెళ్ళేవారు. నీళ్ళ చప్పుడు వినిపించేది.

ఆకలి ఉన్న రోజుల్లో అదొక గొప్ప అని ఎవరికి తెలుస్తుంది? చిన్నప్పుడు కాలవలో ఈదొచ్చి, తడి జుట్టుతో వంటింట్లో దూరితే, అన్నం ఉడుకుతున్న చప్పుడుకే ప్రాణం లాగేసేది. ఆ లాగడం కావాలి నాకు. తిండి కాదు, తిండి మీద మోజు కావాలి. కొట్లో సాయంత్రం పూట ఒక కుర్రాడు ఆఫీస్ నుంచి వచ్చి గుత్తివంకాయ డబ్బా కొనుక్కుని, ఇంటిదాకా ఆగలేక పార్కింగ్‌లో కారుకి ఆనుకుని మూత తీసి వేళ్ళతోనే తినేవాడు. అద్దంలోంచి అతన్నే చూస్తూ నిలబడేదాన్ని. ఎవరి నగలు చూసీ నేను కుళ్ళుకోలేదు. ఆ కుర్రాణ్ణి చూసి కుళ్ళుకున్నాను.

డిసెంబరులో రేడియేషన్ డాక్టరు దగ్గరికి వెళ్ళాం. వెయిటింగ్ రూమ్‌లో ఒక తెల్లాయన, పెద్ద వయసు, ఆస్పత్రి గౌను వేసుకుని నెత్తి మీద కౌబాయ్ టోపీ పెట్టుకుని కూర్చున్నాడు. ఇదంతా అయ్యాక ఏం తింటావని నన్ను అడిగాడు. ఆయనైతే వేయించిన చేప తింటాడట, కూతురు వద్దన్నా సరే. నాకు ఇంగ్లీషు బాగానే అర్థమవుతుంది, తిరిగి చెప్పాలంటే చేతులు కావాలి. పొయ్యి మీంచి మూకుడు దించినట్టు, అన్నం వేసి చుట్టూ తుడిచినట్టు, నోట్లో పెట్టుకున్నట్టు చేసి చూపించాను. పెద్దాయన మొహం విప్పారింది. వాళ్ళమ్మా అంతేనట. చేప వేయించిన ఇనప పెనాన్ని మొక్కజొన్న రొట్టెతో తుడుచుకుని తినేదట, పిల్లల్ని దగ్గరికి రానిచ్చేది కాదట. "వంట ఆమెది కదా" అన్నాడు. టెక్సస్‌లో కూడా మా అమ్మ చట్టం ఉందని నాకప్పుడే తెలిసింది.

లోపలికి పిలిచారు. డాక్టరు పెద్దావిడ, మెడలో కళ్ళద్దాల గొలుసు. రేడియేషన్ ఎలా ఇస్తారో, వాంతులు ఎలా ఉంటాయో అన్నీ చెప్పి, మీరేమైనా అడుగుతారా అంది.

"ఇదంతా అయ్యాక నాకు ఆకలేస్తుందా అని అడుగు" అన్నాను.

"అమ్మా, సీరియస్‌గా? అదా నీ క్వశ్చన్?"

"అదే. అడగవే."

కీర్తన అడిగింది. నెమ్మదిగా, చాలామందికి వస్తుంది అందావిడ. చాలామందికి అంటే అందరికీ కాదని అర్థం చేసుకోవడానికి తొమ్మిదో తరగతి పూర్తి చెయ్యక్కర్లేదు. నా పొట్టలో మంట మొదలైంది. పొద్దున హడావిడిలో బిళ్ళ వేసుకోలేదని అప్పుడు గుర్తొచ్చింది.

"ఏవండీ, బిళ్ళ ఇలా ఇవ్వండి" అన్నాను.

ఆయన అలవాటుగా జేబులోంచి షీటు తీసి ఒకటి గిల్లి నా చేతిలో వేశారు. డాక్టరు చూసింది. ఏమిటది అంది.

"ఓ, అది ఏం కాదు. జస్ట్ గ్యాస్ టాబ్లెట్" అంది కీర్తన.

ఆవిడ చెయ్యి చాపింది. షీటు వెనక చిన్న అక్షరాలు కళ్ళద్దాలు పెట్టుకుని చదివింది. ఎన్నాళ్ళ నుంచి అంది. ఎండాకాలం నుంచి అన్నాం. రోజూనా అంది. రోజూనే అన్నాం, ఎంతో క్రమశిక్షణగా. ఆవిడ పెన్ను కింద పెట్టి కీర్తనతో నెమ్మదిగా మాట్లాడింది. కీర్తన నా వైపు తిరిగింది, దాని కళ్ళు పెద్దవయ్యాయి.

"అమ్మా, ఇది మెడిసిన్ అంట. స్ట్రాంగ్ మెడిసిన్. ఇది వేసుకుంటే ఆ బగ్ ఉన్నా టెస్ట్‌లో దొరకకపోవచ్చు అంట. ఇది ఆపి, రెండు వారాలు ఆగి, మళ్ళీ టెస్ట్ చెయ్యాలి అంట. అప్పటిదాకా రేడియేషన్ వద్దు అంటుంది."

"అంటే ఆ క్రిమి ఉన్నట్టా?"

"ఉంది అనట్లేదు. ఉండొచ్చు అంటుంది."

మా ఇళ్ళలో గ్యాస్ బిళ్ళని మందుల లెక్కలో ఎవరు వేశారండీ? అది జీలకర్ర, వాము, సోడా వరసలోది. మా ఆయన మాత్రం జేబు మీద చెయ్యి పెట్టుకుని బిగుసుకుపోయారు.

"రోజూ నా చేత్తో నేనే ఇచ్చాను" అన్నారు.

"పెళ్ళయినప్పట్నుంచీ మీరు టైముకి ఇచ్చింది అదొక్కటేనండీ. దానికి కూడా ఏడిస్తే ఎలా?"

ఈసారి కీర్తన డాక్టరుకి చెప్పింది. ఆవిడ పకపకా నవ్వింది. మా ఆయన కూడా నవ్వారు. ఆ తర్వాత ఆయన ఏడ్చారు, డాక్టరు టిష్యూ డబ్బా ఆయన వైపు జరిపింది. జబ్బు నాది, టిష్యూలు ఆయనవి.

బిళ్ళ మానేసిన రెండు వారాలూ పొట్టలో నిప్పుల కుంపటే. అయినా ఆ మంటని తిట్టబుద్ధి కాలేదు. రమణి వదిన వచ్చి గుమ్మంలోనే ఏడుపు మొదలెట్టింది.

"నావల్లేనే మంగా. మా అత్తగారికి మంచిదని నీకూ ఇచ్చాను."

"లోపలికి రా వదినా. ముందు మీ అత్తగారిని డాక్టరుకి చూపించు. ఆవిడ నిజంగా గుండ్రాయో కాదో తేలుతుంది."

మళ్ళీ సంచీలోకి గాలి ఊదాను. క్రిమి ఉందని వచ్చింది. మా ఆయన ఆఫీస్ నుంచి సగంలో వచ్చేశారు, చేతిలో జిలేబీ డబ్బాతో. కడుపులో పురుగుందని తెలిసి స్వీట్లు పంచుకున్న ఇల్లు మాదొక్కటే అయ్యుంటుంది.

అయితే మందు పనిచేస్తుందని ఎవరూ మాటివ్వలేదు. పనిచెయ్యకపోతే మళ్ళీ రేడియేషనే. జనవరిలో యాంటీబయాటిక్స్ మింగినన్నాళ్ళూ నోట్లో రాగి కాణీ పెట్టుకున్నట్టే. ఆ మందులతోపాటు రాసిచ్చినవాటిలో ఒకదాని పేరు కీర్తన చదివి నోరు తెరిచింది. మన గ్యాస్ బిళ్ళే, అన్నదమ్ముల వరస. డాక్టరు చెబితే మందు, వదిన చెబితే ముప్పు.

తర్వాత అంతా ఎదురుచూపే. క్రిమి చచ్చిందని ఊదే పరీక్షలో తెలిసింది. కడుపు గోడ సంగతి గొట్టం వేస్తేగానీ తెలియదు, దానికి ఇంకా నెలలు ఆగాలి. ఫిబ్రవరిలో కొట్టుకి మళ్ళీ వెళ్ళాను. పోపు పెట్టేదాన్ని, ఇంగువ గుప్పున లేచేది, ఊపిరి బిగబట్టి లోపలికి చెవి పెట్టేదాన్ని. ఊరెళ్ళినవాళ్ళ అడుగుల చప్పుడు కోసం వీధి తలుపు దగ్గర కూర్చున్నట్టు. ఒక్కోరోజు మూడో ముద్ద దిగేది. మర్నాడు దిగేది కాదు. మా ఆయన మూకుడు పెడుతూనే ఉన్నారు, కడుగుతూనే ఉన్నారు.

మే నెలలో గొట్టం వేసే రోజు వచ్చింది. ముందు రాత్రి నుంచి ఏమీ తినకూడదు. వెయిటింగ్ రూమ్‌లో ముగ్గురం కూర్చున్నాం. గోడ మీద టీవీలో వంటల పోటీ, సౌండ్ లేదు. ఖాళీ కడుపుల జనం ఉన్న చోట వంటల పోటీ పెట్టినవాడెవడో మా రమణి వదిన అత్తగారి బంధువై ఉంటాడు. ఒకావిడ పెనంలో వెన్న వేసి ఉల్లిపాయలు తిప్పుతోంది. మాడుతున్నాయి. దించవే, దించవే అనుకుంటున్నాను.

అప్పుడు నా కడుపు అరిచింది.

చిన్నగా కాదు. ఎదురుగా కూర్చున్నాయన పుస్తకంలోంచి తలెత్తాడు. కీర్తన నా వైపు చూసింది. మా ఆయన కూడా చూశారు.

"అమ్మా, అది నువ్వేనా?"

"నేనే."

"నీకు... ఆకలేస్తోందా?"

ఆకలే. పేగులు మెలిపెట్టి, నోట్లో నీళ్ళూరి, చిన్నప్పటి కాలవ గట్టు మీది ఆకలి. గుక్కెడు నీళ్ళు కూడా తాగకూడని రోజే చూసుకుని వచ్చింది. నాకు ఏడుపొచ్చింది. నర్సు పరుగెత్తుకొచ్చి భయపడొద్దు, అయిదు నిమిషాల్లో అయిపోతుందని నా భుజం తట్టింది. కీర్తన ఆవిడకేదో చెప్పింది. నర్సు నా చెయ్యి పట్టుకుని, "మరి ముందు ఏం తింటావమ్మా?" అని అడిగింది, వాళ్ళ భాషలో.

ఫలితం కొన్నాళ్ళకి వచ్చింది. మడతలు చాలావరకు సాపయ్యాయి. ఒక మూల ఇంకా కొంచెం మిగిలి ఉందట. దాన్ని ముట్టుకోకుండా చూస్తూ ఉందాం, చాలాసార్లు అదీ పోతుంది, మళ్ళీ శీతాకాలం గొట్టం వేద్దాం అన్నారు. అంటే ఎదురుచూపు అయిపోలేదు. సరే, చూస్తాను. ఇప్పుడు తింటూ చూస్తాను.

మీకు ఒక్కటే చెప్పాలి. డాక్టరు మందులేమైనా వాడుతున్నావా అని అడిగితే, జేబులోది, పర్సులోది, వదిన ఇచ్చింది, పేరు తెలియనిది, అన్నీ తీసి బల్ల మీద పెట్టండి. వాళ్ళు నవ్వుతారని సిగ్గుపడకండి. నవ్వించడం మంచి పనే.

ఇక ఆ రోజు సంగతి. గొట్టం వేయించుకుని మధ్యాహ్నానికి ఇంటికొచ్చాం. ఈ పూటకి మెత్తగా తినండి అన్నారు. మా ఆయన నాకు పెరుగన్నం కలిపి, తనకీ కీర్తనకీ దొండకాయ వేయించారు. ఎప్పటిలాగే సగం మాడు. గిన్నెలోకి తీసి, మూకుడులో అన్నం వేసి, చట్టప్రకారం తనదే కాబట్టి, ఈసారి తనే తిందామని కుర్చీ లాక్కున్నారు. నేను పెరుగన్నం పక్కకి నెట్టి ఆ మూకుడు నా వైపు లాక్కున్నాను.

"మెత్తగా తినమన్నారు మంగా!"

"నమిలితే అన్నీ మెత్తనే."

"వండింది నేను!"

"కేసు వేసుకోండి."

కీర్తన చెంచా పట్టుకుని వచ్చింది, "నాకు కొంచెం ఉంచమ్మా" అంటూ. ఉంచలేదు. కాసేపటికి ఆయన మూకుడు పట్టుకుని సింకు దగ్గరికి వెళ్ళి, కుళాయి తిప్పబోయి ఆగారు. వెలుతురులో దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. కడగడానికి అందులో ఏమీ మిగల్లేదు.